పోస్టర్ మీద 150 కోట్లు, బయ్యర్‌కి నష్టం: పెద్ద సినిమా డబ్బు ఎక్కడ పోతుంది?

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "మా మామ ఒక పెద్ద హీరో సినిమాకి నెల్లూరు ఏరియా హక్కుల్లో 10 లక్షలు వాటా పెట్టాడు. మొదటి మూడు రోజులు టికెట్లు దొరకలేదు. పోస్టర్ మీద 150 కోట్ల గ్రాస్ అని వేశారు. నెల తర్వాత లెక్క చెప్పమంటే 4 లక్షలు పోయాయన్నారు. హౌస్‌ఫుల్ ఆడిన సినిమాకి నష్టం ఎట్టా వస్తుంది? ఎవరన్నా మోసం చేశారా?"

ముందు జవాబు చెప్పేస్తాను. మోసం లేకుండానే ఇట్టా జరుగుతుంది, చాలాసార్లు జరిగేది కూడా అంతే. సినిమా ఎంత వసూలు చేసిందన్నది కాదు, ఏ రేటుకి కొన్నారన్నదే నష్టాన్ని తేలుస్తుంది. ఇదే సినిమాని ఇంకో రేటుకి కొని ఉంటే మీ మామకి లాభం వచ్చేది, పోస్టర్ మీద అంకె అదే ఉండేది. పోస్టర్ మీది గ్రాస్‌కీ మీ మామ చేతికొచ్చే షేర్‌కీ మధ్య ఎంత దూరం ఉందో చూస్తే మిగతాది అర్థమవుతుంది.

గ్రాస్, నెట్, షేర్. ప్రేక్షకుడు కౌంటర్లో ఇచ్చే మొత్తం గ్రాస్. అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్. నెట్‌లోంచి థియేటర్ అద్దె పోతే మిగిలేది షేర్. బయ్యర్‌కి, అంటే ఏరియా హక్కులు కొని సినిమా ఆడించేవాడికి, పనికొచ్చేది షేర్ ఒక్కటే. పోస్టర్ మీద మాత్రం ఎప్పుడూ గ్రాసే వేస్తారు, అదీ ప్రపంచం మొత్తం మీద. కాస్త పెంచి వేయడం కూడా కొత్తేమీ కాదు.

ఒక థియేటర్ లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకే, కానీ అసలు లెక్క కూడా ఈ తీరులోనే ఉంటుంది. నెల్లూరులో 600 సీట్ల ఏసీ థియేటర్, రోజుకి 4 ఆటలు, అంటే 2,400 సీట్లు. రేట్లు పెంచుకోవడానికి అనుమతి వచ్చింది, టికెట్ 177 అనుకుందాం. అందులో 150 నెట్, 27 జీఎస్టీ. శుక్ర, శని, ఆదివారాలు 90 శాతం నిండితే 6,480 టికెట్లు. సోమవారం నుంచి గురువారం దాకా 25 శాతం అయితే 2,400 టికెట్లు. వారం మొత్తం 8,880. గ్రాస్ 15 లక్షల 72 వేలు. జీఎస్టీ 2 లక్షల 40 వేలు పోగా నెట్ 13 లక్షల 32 వేలు. థియేటర్ అద్దె వారానికి 3 లక్షలు. మిగిలింది 10 లక్షల 32 వేలు. ఇందులోంచి డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీ, థియేటర్ దగ్గర కూర్చునే రిప్రజెంటేటివ్ బత్తా, ఊళ్లో వాల్‌పోస్టర్లు, ఫ్లెక్సీలకి ఒక 40 వేలు తీయండి. బయ్యర్‌కి చేరేది సుమారు 9 లక్షల 90 వేలు. అంటే మంచి వారంలో కూడా గ్రాస్‌లో 63 శాతమే.

ఇప్పుడు రెండో వారం చూడండి. పెంచిన రేటు గడువు అయిపోయి టికెట్ మామూలు ధరకి దిగింది, సగటు నెట్ 90 అనుకోండి. వారం మీద 15 శాతం నిండితే 2,520 టికెట్లు, నెట్ 2 లక్షల 27 వేలు. అద్దె 3 లక్షలే. అంటే జనం వస్తున్నారు, ఆట పడుతోంది, అయినా బయ్యర్ 73 వేలు ఎదురు కట్టాలి. దీన్నే మా వాళ్లు డెఫిసిట్ అంటారు. మొదటి వారంలో వచ్చిన షేర్‌లో కొంత రెండో వారం డెఫిసిట్ తినేస్తుంది. పేపర్లో మాత్రం "విజయవంతమైన రెండో వారం" అని ప్రకటన ఉంటుంది!

అందుకే రెండో వారం నుంచి అద్దె వద్దు, పర్సంటేజ్ మీద, అంటే వసూళ్లలో వాటా మీద ఆడిద్దామని బయ్యర్ అడుగుతాడు. బాగా ఆడిన వారం అద్దె మాత్రమే ఇచ్చి, ఆడని వారం పర్సంటేజ్ అంటే మేమెక్కడ బతకాలని థియేటర్ నడిపే ఎగ్జిబిటర్ అంటాడు. అతని మాటా తప్పు కాదు. 2025 మేలో జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు హెచ్చరించింది ఈ గొడవ మీదే.

ఇక ఏరియా రేటు. తెలుగు సినిమాకి నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఎనిమిది ఏరియాలు. విలువలో మన నెల్లూరే అన్నిటికంటే చిన్నది. ఒంగోలు వైపు లెక్క ఎక్కువగా గుంటూరు ఏరియాలోకి పోతుంది. 2022లో జిల్లాలు మారాయి. కందుకూరు ఇటొచ్చింది, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. కానీ సినిమా ఏరియాలు పాత గీతల మీదే నడుస్తున్నాయి.

ఈ చిన్న ఏరియాకి ఒక పెద్ద సినిమాని 6 కోట్లకి కొన్నారనుకుందాం. అగ్రిమెంట్ రోజు పాతిక శాతం, అంటే కోటిన్నర కట్టారు. ఆ డబ్బు నూటికి నెలకి 2 రూపాయల వడ్డీకి తెచ్చింది. సినిమా నాలుగు నెలలు వాయిదా పడితే వడ్డీ 12 లక్షలు. ఏరియా మొత్తానికి పబ్లిసిటీ, ఆఫీసు ఖర్చు 25 లక్షలు వేసుకోండి. బ్రేక్ ఈవెన్, అంటే పెట్టింది తిరిగి రావడానికి కావాల్సిన షేర్, 6 కోట్లు కాదు, 6 కోట్ల 37 లక్షలు. మొత్తం రన్ మీద టికెట్‌కి సగటున 100 రూపాయల షేర్ మిగులుతుందని ఉదారంగా వేసుకున్నా, 6 లక్షల 37 వేల టికెట్లు తెగాలి. 2011 జనాభా లెక్కల్లో పాత నెల్లూరు జిల్లా జనం 29 లక్షల 63 వేలు. అంటే చంటిబిడ్డల నుంచి మంచం మీదున్న ముసలివాళ్ల దాకా లెక్కేసినా ఐదుగురిలో ఒకరికి పైగా టికెట్ కొనాలి. అప్పటికిగానీ లాభం మొదటి రూపాయి కనపడదు.

కొనే ముందు ఈ ఒక్క భాగహారం చేసేవాళ్లు చాలా తక్కువ.

మరి 6 కోట్ల రేటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ హీరో పెద్ద హిట్ నుంచి. గత మూడు సినిమాలు మన ఏరియాలో 5 కోట్ల 80 లక్షలు, 3 కోట్ల 40 లక్షలు, 3 కోట్ల 10 లక్షలు షేర్ తెచ్చాయనుకోండి. మొదటిది సంక్రాంతికి వచ్చింది, పోటీ లేదు, టాక్ అదిరింది. నిర్మాత ఆఫీసులో ఆ 5 కోట్ల 80 లక్షలే చూపించి, "ఈ సినిమా దానికి రెండింతలు, 6 అంటే తక్కువే" అంటారు. పక్కన ఇంకో బయ్యర్ కాచుక్కూర్చున్నాడని కూడా చెవిన వేస్తారు. ఆ హీరో అసలు మార్కెట్ మాత్రం మధ్యలో ఉన్న 3 కోట్ల 40 లక్షలు. యావరేజ్ టాక్ వస్తే సినిమా దాని చుట్టూనే ఆగుతుంది. 6 కోట్ల 37 లక్షల మీద 3 కోట్ల 80 లక్షలు వస్తే రూపాయికి 60 పైసలు. మీ మామకి వచ్చింది కూడా సరిగ్గా 60 పైసలే కదా.

నిర్మాత అంత రేటు ఎందుకు చెప్తాడు? దురాశ ఒక్కటే కారణం కాదు. అతని బడ్జెట్ అతన్ని తరుముతుంటుంది. పెద్ద సినిమాలో హీరో, దర్శకుడు, హీరోయిన్ల పారితోషికాలు ముందే ఖాయమైపోతాయి. సినిమా ఆడినా ఆడకపోయినా అవి తగ్గవు. తెర మీద కనపడే ఖర్చు ఆ తర్వాత మిగిలిన దాంట్లోంచే. షూటింగ్ రోజుకి 40 లక్షలు అవుతుందనుకుంటే, 120 రోజులు అనుకున్నది 180 రోజులు సాగితే అదనంగా 24 కోట్లు. ఫైనాన్స్ 100 కోట్లు తెచ్చి ఉంటే, నూటికి 2 రూపాయల లెక్కన ఆరు నెలల వాయిదాకి వడ్డీ 12 కోట్లు. ఈ 36 కోట్లలో ఒక్క రూపాయి కూడా కథని బాగుచేయదు.

రోజులు పెరగడానికి మూలం చాలావరకు స్క్రిప్ట్ దగ్గరే ఉంటుంది. 2023 ఏప్రిల్ 28న వచ్చిన 'ఏజెంట్' సినిమా గురించి నిర్మాత అనిల్ సుంకర మూడు రోజులకే బయటికొచ్చి, బౌండ్ స్క్రిప్ట్ (పూర్తిగా రాసి పెట్టుకున్న స్క్రిప్ట్) లేకుండా మొదలుపెట్టడం తప్పని, బాధ్యత తమదేనని ఒప్పుకున్నారు. నిర్మాతలు ఇంత నేరుగా ఒప్పుకోవడం అరుదు. ఆ అలవాటు మాత్రం అరుదు కాదు. సగం షూటింగ్ అయ్యాక సెకండాఫ్ రాసుకోవడం, క్లైమాక్స్ మళ్లీ తీయడం, గ్రాఫిక్స్ చివరి నెలలో నాలుగైదు కంపెనీలకి పంచి హడావిడిగా చేయించడం, వీటన్నిటి బిల్లు చివరికి ఏరియా రేట్లలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇంకో కారణం నాన్ థియేట్రికల్, అంటే థియేటర్ బయట అమ్మే హక్కులు. కరోనా తర్వాత ఓటీటీ, శాటిలైట్ (టీవీ), హిందీ డబ్బింగ్ హక్కులు బాగా పలికాయి. ఆ డబ్బుతోనే సగం బడ్జెట్ వెనక్కి వచ్చేస్తుందన్న లెక్కతో పారితోషికాలు పెరిగాయి. తర్వాత ఓటీటీలు చేయి బిగించాయి, శాటిలైట్ పడిపోయింది, హిందీ డబ్బింగ్ రేటు దిగింది. పెరిగిన పారితోషికం మాత్రం దిగలేదు. ఆ తేడా అంతా థియేటర్ మీద, అంటే బయ్యర్ నెత్తిన పడింది. దానికి తోడు ఓటీటీ సంస్థ విడుదల తేదీని కూడా శాసిస్తుంది. ఆ తేదీ దాటితే డబ్బులో కోత. అందుకే గ్రాఫిక్స్ పూర్తి కాని సినిమాలు కూడా థియేటర్‌కి వచ్చేస్తుంటాయి.

పాన్ ఇండియా సంగతి రెండు ముక్కల్లో: ఐదు భాషల్లో పబ్లిసిటీ ఖర్చు ఖాయం, ఆదాయం కాదు. ఉత్తరాదిలో 2009 ఒప్పందం ప్రకారం మల్టీప్లెక్స్ ఇచ్చే వాటా మొదటి వారం 50 శాతం, తర్వాత 42.5, 37.5, 30. పైగా హిందీలో పెద్ద మల్టీప్లెక్స్ గొలుసులు ఓటీటీకి 8 వారాలు ఆగితేనే తెర ఇస్తాయి. హిందీలో 40 కోట్ల నెట్ అని చూసి 40 కోట్లు వచ్చేశాయనుకోకండి.

ఇది మన దగ్గర జబ్బు మాత్రమే కాదు. 2012లో డిస్నీ 'జాన్ కార్టర్'కి బడ్జెట్ సుమారు 25 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి గ్రాస్ 28 కోట్ల డాలర్లు దాటింది. గ్రాస్ బడ్జెట్ కంటే ఎక్కువే కదా? అయినా దాదాపు 20 కోట్ల డాలర్ల నష్టం వస్తుందని కంపెనీయే ప్రకటించింది. థియేటర్ల వాటా, పబ్లిసిటీ పోగా చేతికొచ్చేది అంత తక్కువ.

రిలీజు తర్వాత ఎక్కడ చెడుతుంది. పాతకాలంలో సినిమా నెల్లూరులో రెండు థియేటర్లలో పడి, ఆ తర్వాత కావలి, గూడూరు, ఇంకా తర్వాత ఆత్మకూరు, ఉదయగిరి వైపు షిఫ్టింగ్ మీద పోయేది. టాక్ ఊరూరా పాకడానికి వారాలు దొరికేవి. ఇప్పుడు మొదటి రోజే ఏరియాలో దొరికిన ప్రతి తెరా మీదే. మూడు రోజుల్లో చూడాలనుకున్న అభిమానులు చూసేస్తారు. యావరేజ్ సినిమాకి మొత్తం షేర్‌లో ముప్పాతిక భాగం మొదటి వారంలోనే వస్తుంది. ఆ తర్వాత వచ్చేది చిల్లర.

టాక్ కూడా మనకంటే ముందే వస్తుంది. అమెరికాలో ప్రీమియర్ పడగానే, ఇక్కడ తెల్లవారుజాముకల్లా ఫోన్లలో తీర్పు తిరుగుతుంటుంది. బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చిన కుర్రాణ్ణి "ఎట్టుందిరా?" అని అడిగితే "ఒకసారి చూడొచ్చులే" అన్నాడంటే బయ్యర్ గుండెలో రాయి పడ్డట్టే. బాగాలేదు అన్నదానికి అది మర్యాద మాట.

టికెట్ రేటు పెంపు రెండువైపులా కోసే కత్తి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో టికెట్ కనిష్ఠం 20, గరిష్ఠం 250, జీఎస్టీ కాకుండా. పారితోషికాలు కాక ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాలకి మొదటి 10 రోజులు పెంచుకునే వీలు అందులో పెట్టారు. పెంపుతో మొదటి వారం షేర్ లేస్తుంది, నిజమే. కానీ 177 చొప్పున నలుగురున్న ఇంటికి టికెట్లే 708. పైన పాప్‌కార్న్, బండి పెట్రోలు. "పది రోజులాగి రేటు తగ్గాక చూద్దాం" అనుకుంటారు. ఆ పది రోజుల్లో టాక్ చల్లారిపోతుంది, నాలుగు వారాలకి ఓటీటీలో వస్తుందని తెలిసిపోతుంది. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగ్‌లు ఆపి మరీ కూర్చుని 8 వారాల గడువు అనుకున్నారు, ఆచరణలో చాలా సినిమాలకి అది నిలవలేదు. పన్ను కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతం, 100 దాటితే 18. పెంచిన రేటులో సర్కారు వాటా కూడా పెద్దదే.

మన ఏరియాకి ప్రత్యేకమైనది ఇంకొకటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు. వాయుగుండం పడితే సెకండ్ షో ఖాళీ, పల్లెల నుంచి ఫస్ట్ షోకి వచ్చేవాళ్లు కూడా రారు. హైదరాబాదులో ఎండ కాస్తుంటుంది కాబట్టి అక్కడ తేదీ ఖాయం చేసేవాళ్లకి ఇది పట్టదు. అదే వరి కోతలై మార్చి, ఏప్రిల్‌లో చేతిలో డబ్బు ఆడేటప్పుడు యావరేజ్ సినిమా కూడా పల్లె సెంటర్లలో నాలుగు రోజులు జాస్తి ఆడుతుంది. ఏరియా దక్షిణం కొసన సూళ్లూరుపేటలో 100 అడుగులకి పైగా వెడల్పు తెరతో 2019లో తెరిచిన వి ఎపిక్ లాంటి థియేటర్‌కి చెన్నై నుంచి కూడా కార్లు వస్తాయి. ఆ ఒక్క చోట కలెక్షన్ చూసి ఏరియా మొత్తాన్ని అంచనా కడితే వింజమూరు, ఉదయగిరి దగ్గర బోల్తా పడతారు.

నష్టం ఎవరిది అన్నది అగ్రిమెంట్‌ని బట్టి. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, మీ మామకి పనికొచ్చేది ఇదే.

అవుట్‌రేట్, అంటే హక్కులు ఒక రేటుకి పూర్తిగా కొనేయడం అయితే, లాభమైనా నష్టమైనా పూర్తిగా బయ్యర్‌దే. ఎన్ఆర్ఏ, అంటే తిరిగి ఇవ్వని అడ్వాన్స్ అయితే, షేర్‌లోంచి ముందు ఆ అడ్వాన్స్, ఖర్చులు, బయ్యర్ కమీషన్ రాబట్టుకుంటారు. ఆ పైన వచ్చే ఓవర్‌ఫ్లోలో నిర్మాతకి కూడా వాటా. తగ్గితే మాత్రం నష్టం బయ్యర్‌దే. మామూలు అడ్వాన్స్ మీద అయితే తగ్గిన మొత్తం నిర్మాత వెనక్కి ఇవ్వాలి. ఇవ్వాలి అనే రాసుంటుంది కానీ, ఎక్కువసార్లు వినపడే మాట "తర్వాతి సినిమాలో సర్దుదాం". ఆ తర్వాతి సినిమా ఏదో, ఎంత తగ్గిస్తారో కాగితం మీద లేకపోతే ఆ మాటకి విలువ లేదు.

చిన్న సెంటర్లలో బయ్యర్ కూడా నష్టాన్ని కిందికి నెట్టేస్తాడు. ఫిక్స్‌డ్ హైర్ అని వారానికి ఇంత అని ముందే థియేటర్ దగ్గర తీసేసుకుంటాడు. సినిమా పడుకుంటే అక్కడి ఎగ్జిబిటర్ క్యాంటీన్ డబ్బులతో సర్దుకోవాల్సిందే.

ఇక మీ మామ అడిగి తెప్పించుకోవాల్సినవి. మెయిన్ అగ్రిమెంట్ కాపీ, థియేటర్‌వారీగా డీసీఆర్‌లు (రోజువారీ కలెక్షన్ రిపోర్టులు), ప్రతి థియేటర్ అద్దె ఎంతకి మాట్లాడారో ఆ కాగితం, పబ్లిసిటీ బిల్లులు. డీసీఆర్‌లో టికెట్ల సంఖ్యని ఆ వారపు రేటుతో గుణించి చూడండి. మూడు నాలుగు పెద్ద థియేటర్లకి చేస్తే చాలు. అన్ని థియేటర్ల షేర్ కూడితే చెప్పిన మొత్తానికి దగ్గరగా తేలితే మోసం లేదు, కొన్న రేటే ఎక్కువ. పబ్లిసిటీ కింద బిల్లుల్లేని పెద్ద మొత్తం కనపడినా, మొదటి మూడు రోజులు టికెట్లు దొరకని థియేటర్‌కి డీసీఆర్‌లో 60 శాతమే చూపించినా గట్టిగా అడగాల్సిందే.

రెండో వారం డెఫిసిట్‌లు ఎన్ని థియేటర్లలో ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. సోమవారం షేర్ శుక్రవారం దాంట్లో మూడోవంతుకి పడిపోతే, బుధవారానికల్లా సగం థియేటర్ల నుంచి సినిమాని ఎత్తేయాలి. హీరో అభిమానులు బాధపడతారని, నిర్మాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందని రెండు వారాలు లాగి ఉంటే, మీ మామ పోగొట్టుకున్న 4 లక్షల్లో కొంత ఆ మొహమాటం ఖాతాలోదే. దాన్ని ఏరియా బయ్యర్ తన వాటాలో భరించాలని అడగడానికి మీకు హక్కుంది. ముందు డీసీఆర్‌లు చేతికి రానివ్వండి.